బియ్యపు గింజకు ఊరేది?

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యపు ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 27న మరొక ఉత్తర్వు వచ్చింది. టన్నుకు 1,200 డాలర్లకు తక్కువ ధర పలికే బాస్మతి ఒప్పందాలను నమోదు చేయరాదన్నది దాని సారాంశం. నిషేధించిన తెల్ల బియ్యమే బాస్మతి పేరుతో దేశం దాటుతోందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అదే నెల చివర మూడవ ఉత్తర్వు వెలువడింది. సింగపూరుతో ఉన్న ప్రత్యేక సంబంధాన్ని పురస్కరించుకుని ఆ దేశానికి 50,000 టన్నుల తెల్ల బియ్యం పంపడానికి అనుమతి లభించింది.

ఈ మూడు ఉత్తర్వుల వెనక ఉన్నది ఒకే ప్రశ్న. సంచి మీద రాసిన పేరుకూ సంచిలో ఉన్న గింజకూ పొంతన ఉన్నదీ లేనిదీ ఎవరు తేల్చాలి? ఎలా తేల్చాలి? రెండవ ఉత్తర్వు దీనికి ధరనే సాక్షిగా నిలబెట్టింది. చవకగా అమ్ముడుపోయేది బాస్మతి అయి ఉండదన్నది అందులోని తర్కం. రేవులో ప్రతి సంచినీ విప్పి పరీక్షించడం సాధ్యం కాదు కనుక పరిపాలనకు అది సులువైన మార్గం. అయితే గింజను విప్పి చదివే విద్య గత యాభై ఏళ్ళలో చాలా దూరం వచ్చింది. ఆ విద్య చరిత్రలో హైదరాబాదుకు ఒక ప్రముఖ స్థానం ఉంది. దాని అవసరం, దాని పరిమితులు రెండూ స్పష్టంగా కనిపించే చోటు సింగపూరు.

తిండి పండని రేవు

సింగపూరు తన ఆహారంలో 90 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది. 2030 నాటికి పోషకావసరాలలో 30 శాతం స్వదేశంలోనే పండించాలని 2019లో పెట్టుకున్న లక్ష్యాన్ని 2025 నవంబరులో పక్కన పెట్టి, పీచు, మాంసకృత్తుల ఆహారాలకు వేరువేరుగా 2035 నాటి లక్ష్యాలను నిర్ణయించుకుంది. బియ్యం విషయంలో అటువంటి లక్ష్యం పెట్టుకునే అవకాశమే లేదు. వరి సాగుకు చాలినంత నేల ఆ ద్వీపంలో లేదు.

ఈ పరిస్థితి కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో గాంబియర్, మిరియపు తోటలు పెరిగినప్పుడూ ద్వీపవాసుల అన్నం రంగూను, బాంకాక్, సైగాన్ రేవుల నుంచే వచ్చేది. రంగూను బియ్యంలో తెలుగువారి చెమట కూడా ఉంది. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు నుంచి వెళ్ళినవారు కనుక బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. రంగూను బియ్యపు మిల్లులలోనూ ఓడరేవులోనూ కూలీలలో వారి సంఖ్య చాలా ఎక్కువ. ఆ బియ్యం సింగపూరు చేరేసరికి దాని మీద మిగిలేది రేవు పేరు ఒక్కటే. ఏ పొలంలో పండిందో, ఎవరు దంచారో అడిగే అవసరం వర్తకుడికి ఉండేది కాదు.

1918లో రుతుపవనాలు విఫలమై భారతదేశంలో కరవు వచ్చినప్పుడు ఆ ప్రశ్న ఒక్కసారిగా ముఖ్యమైంది. బర్మా అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం. అక్కడి బియ్యపు ఎగుమతిని ప్రభుత్వం కట్టడి చేసింది. 1919లో సయాం కూడా తన బియ్యాన్ని ఆపుకుంది. సింగపూరు, మలయాలలో ధరలు ఆకాశాన్నంటగా ప్రభుత్వమే బియ్యపు వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. 1942–45 నాటి జపాను ఆక్రమణలో ప్రజలు కర్రపెండలం, చిలగడదుంపలతో కాలం గడిపారు. ఈ అనుభవాల తర్వాత, సరుకును ఎన్నో దేశాల నుంచి తెచ్చుకోవడం, కొంత ఎప్పుడూ నిల్వ ఉంచుకోవడం ఆ దేశపు విధానమైంది. ఈనాడు తెల్ల బియ్యం దిగుమతి చేసే వర్తకుడు రెండు నెలల దిగుమతికి సమానమైన నిల్వను ఉంచాలి. 2022లో అక్కడి బియ్యపు దిగుమతులలో దాదాపు 40 శాతం భారతదేశం నుంచి వచ్చాయి. 2023లో నిషేధం తగిలిన బాస్మతి కాని బియ్యం వాటా 17 శాతం.

ఇన్ని దేశాల నుంచి తెచ్చుకునే చోట 'ఇది ఎక్కడిది' అన్న మాటకు విలువ పెరుగుతుంది. దిగుమతి అయిన ఆహారపు పొట్లం మీద అది పుట్టిన దేశం పేరు ఉండాలని సింగపూరు ఆహార నిబంధనలు చెబుతాయి. 2011 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్కేంద్రపు ప్రమాదం తర్వాత దేశం పేరు చాలలేదు. జపానులో ఏ జిల్లాలో పండిందో తెలియవలసి వచ్చింది. సింగపూరు కొన్ని జిల్లాల పంటలను ఆపివేసి, మిగిలినవాటికి జన్మస్థల ధ్రువపత్రాలు అడిగింది. ఆ ఆంక్షలు పూర్తిగా తొలగడానికి 2021 మే దాకా పట్టింది. రేడియోధార్మికతను కొలిచే పరికరం కాయగూరలో కాలుష్యం ఉన్నదీ లేనిదీ చెప్పగలదు, అది ఏ జిల్లాలో పండిందో చెప్పలేదు. ఆ రెండవ మాటకు కాగితమే ఆధారం.

మసూరి ప్రయాణం

గింజ గుర్తింపు ఎంత చిక్కైనదో తెలుసుకోవడానికి తెలుగువారి వంటింటి బియ్యాన్నే చూడవచ్చు. సింగపూరు లిటిల్ ఇండియా దుకాణాలలో తెలుగు కుటుంబాలు వెతుక్కునేది సోనా మసూరి. ఆ పేరులోని 'మసూరి' తెలుగు మాట కాదు. లంకావి ద్వీపపు మలయా గాథలో, చేయని తప్పుకు మరణశిక్ష పొంది, తెల్లని రక్తంతో తన నిర్దోషిత్వాన్ని చాటిన స్త్రీ పేరు మహసూరి.

ఆ పేరు గల వరి కథ 1950లలో మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కటకంలోని కేంద్ర వరి పరిశోధన సంస్థలో ఇండికా, జపానికా జాతుల వరులను సంకరపరిచే పథకం నడిచింది. ఆ సంకరాల విత్తనాలు పలు ఆసియా దేశాలకు వెళ్ళాయి. తైవానుకు చెందిన తైచుంగ్ 65, మలయాకు చెందిన మయాంగ్ ఎబోస్ 80 కలయికలో వచ్చిన సంతతి నుంచి మలయాలో ఎంపిక చేసిన రకాన్ని 1965లో మహసూరి పేరుతో విడుదల చేశారు. అది తిరిగి భారతదేశానికి వచ్చింది. తమిళనాడులో పొన్ని అయింది. ఆంధ్రదేశంలో మసూరి అయింది. బాపట్ల పరిశోధనా కేంద్రంలో సోనా అనే రకంతో కలిసి సోనా మసూరి పుట్టింది. జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1, మహసూరి రకాల కలయికతో అదే బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే సాంబా మసూరి, తెలుగునాట సన్న బియ్యానికి కొలబద్దగా నిలిచింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలకాలయం కలిసి దానిలో ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి మెరుగుపరిచిన సాంబా మసూరిని 2008లో వెలువరించాయి.

కటకంలో సంకరమై, మలయాలో ఎంపికై, బాపట్లలో రూపు మారిన గింజ సంచిలో మళ్ళీ మలయా ద్వీపకల్పపు కొసకు చేరుతోంది. 'దీని ఊరేది' అన్న ప్రశ్నకు ఇక్కడ రెండు జవాబులున్నాయి. ఒకటి వంశానిది, రెండవది పొలానిది. వంశం గింజ లోపలి జన్యువులలో ఉంటుంది. పొలం ఆ గింజ తాగిన నీటిలో, పీల్చిన గాలిలో, వేరూనిన మట్టిలో ఉంటుంది. శాస్త్రం ఈ రెండింటినీ రెండు వేరు మార్గాలలో చదవడం నేర్చుకుంది.

వంశాన్ని చదవడం: హైదరాబాదు

వంశాన్ని చదవవలసిన అవసరం ముందుగా బాస్మతికి వచ్చింది. బాస్మతి పొడుగు, వాసన, ఉడికినప్పుడు సాగే గుణం ఇవేవీ కల్తీని నిలదీయడానికి చాలవు. మిల్లు పట్టి మెరుగుపెట్టిన తర్వాత పొడుగు గింజలన్నీ కంటికి ఒకేలా కనిపిస్తాయి. 1997లో అమెరికాలోని రైస్‌టెక్ సంస్థకు బాస్మతి వరుసలపై పేటెంటు దొరికినప్పుడు ఏది బాస్మతి అన్నది న్యాయస్థానాల భాషలోనూ ప్రశ్న అయింది. తర్వాత ఆ పేటెంటులోని ప్రధానమైన వాదాలు చాలా వరకు రద్దయ్యాయి.

2002లో హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రానికి చెందిన జె. నాగరాజు, ఆయన సహచరులు అమెరికా జాతీయ విజ్ఞాన అకాడెమీ పత్రికలో ఒక పరిశోధనాపత్రం ప్రచురించారు. వరి శాస్త్రజ్ఞుడు ఇ.ఎ. సిద్ధిఖ్, అప్పటి కేంద్ర సంచాలకుడు సయ్యద్ హస్నైన్ కూడా ఆ పత్ర రచయితలే. నాగరాజు అసలు రంగం పట్టుపురుగుల జన్యుశాస్త్రం. జన్యుపదార్థంలో రెండు మూడు అక్షరాల ముక్క వరుసగా పదేపదే వచ్చే చోట్లుంటాయి. ఆ ముక్క ఎన్నిసార్లు పునరావృతమైందన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఇటువంటి చోట్లను కొన్నింటిని కలిపి చూస్తే సంప్రదాయ బాస్మతిని, సంకర బాస్మతిని, బాస్మతి కాని దానిని వేరు చేయవచ్చునని ఆ పరిశోధన చూపింది. ఆ తర్వాత అదే బృందం, ఒకే పరీక్షానాళికలో పలు గుర్తులను ఒకేసారి చదివి, కల్తీ ఎంత పాళ్ళలో ఉందో అంచనా వేసే పద్ధతిని రూపొందించింది. వ్యవసాయ ఎగుమతుల అభివృద్ధి సంస్థ అపేడా సహకారంతో ఆ కేంద్రంలో బాస్మతి పరీక్షశాల ఏర్పడింది.

ఈ పరీక్షకు డబ్బుతో ముడిపడిన కారణం ఉంది. ఐరోపా సమాజం 2004లో భారత్, పాకిస్తాన్‌లతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం పేర్కొన్న కొన్ని బాస్మతి రకాల దంపుడు బియ్యానికి దిగుమతి సుంకం లేదు. ఆ మినహాయింపుకు డీఎన్‌ఏ ఆధారిత తనిఖీని జత చేశారు. అదే కాలంలో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ జరిపిన సర్వేలో అక్కడ బాస్మతి పేరుతో అమ్ముడైన నమూనాలలో దాదాపు సగంలో ఇతర బియ్యం కలిసినట్టు తేలింది. దరిమిలా ఆ దేశపు బియ్యపు వర్తకులు ఇతర బియ్యం 7 శాతం మించరాదని నియమావళి రాసుకున్నారు.

సోనా మసూరికి ఇంతటి కట్టుదిట్టం లేదు. బజారులో అది విత్తనపు పేరు కన్నా వర్తకపు పేరుగానే చెలామణి అవుతోంది. సన్నగా, తేలికగా ఉండే పలు రకాలు ఆ పేరుతో అమ్ముడవుతాయి. పరీక్ష చేయడానికి విద్య ఉంది గాని, అడిగే సుంకం లేదు, అడిగే చట్టం లేదు. పరీక్షలు శాస్త్రం ఎక్కడ సిద్ధంగా ఉందో అక్కడ కాక, డబ్బు ఎక్కడ పందెంగా ఉందో అక్కడ ముందు పుడతాయని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

పొలాన్ని చదవడం: నీరు, రాయి

అయితే డీఎన్‌ఏకు తెలియని సంగతి ఒకటుంది. ఒకే విత్తనాన్ని బాపట్లలో చల్లినా, మిర్యాలగూడలో చల్లినా, మయన్మారులో చల్లినా జన్యువులు ఒకటే. పొలం తెలియాలంటే వేరే సాక్షి కావాలి. ఆ సాక్షి పేరు ఐసోటోపు. ఒకే మూలకానికి చెందిన, బరువులో మాత్రం తేడా గల పరమాణువులను ఐసోటోపులంటారు. 1931లో హెరాల్డ్ యూరీ భారజలజనిని కనుగొన్నాడు. దానికి 1934లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ సూక్ష్మమైన బరువు తేడాలను తూచే మాస్ స్పెక్ట్రోమీటరు ఆ తర్వాతి దశాబ్దాలలో పదునెక్కింది.

సముద్రం నుంచి ఆవిరి లేచి మేఘమై లోతట్టుకు సాగుతున్నకొద్దీ బరువైన పరమాణువులున్న నీరు ముందు వానగా రాలిపోతుంది. తీరానికి దూరమైనకొద్దీ, ఎత్తుకు పోయినకొద్దీ వాన నీరు తేలికవుతుంది. 1961లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి ప్రపంచమంతటా వాన నీటిని సేకరించి కొలిచే పని మొదలుపెట్టాయి. మొక్క ఆ నీటినే తాగుతుంది కనుక గింజలోని ఆక్సిజను, హైడ్రోజనులలో ఆ ముద్ర మిగులుతుంది.

రాయి మరొక సాక్షి. రుబిడియం అతి నెమ్మదిగా క్షీణించి స్ట్రాన్షియం-87 అవుతుంది. రాయి ఎంత పాతదైతే, దానిలో రుబిడియం ఎంత ఎక్కువైతే ఆ పాలు అంత పెరుగుతుంది. మొక్క కాల్షియంతో పాటు స్ట్రాన్షియాన్ని కూడా మట్టి నుంచి తీసుకుంటుంది. దక్కను పీఠభూమి బసాల్టు శిలలలో ఈ పాలు తక్కువ. హిమాలయాల నుంచి వచ్చే గంగా నదీజలాలలో చాలా ఎక్కువ. గోదావరి ఎగువ భాగం బసాల్టు నేలల మీదుగా ప్రవహిస్తుంది. కనుక హిమాలయ పాదాలలో పండిన బాస్మతికీ, గోదావరి డెల్టాలో పండిన బియ్యానికీ మధ్య తేడాను విత్తనంతో నిమిత్తం లేకుండా రాతి ముద్రలోనే వెతకడానికి సూత్రరీత్యా ఆస్కారం ఉంది.

ఈ విద్య మొదట కోర్టులలో నిలిచినది బియ్యం విషయంలో కాదు. చెరకు, మొక్కజొన్నలు గాలిలోని కార్బనును పట్టే తీరు ఎక్కువ పూలమొక్కల తీరుకు భిన్నమైనది కనుక వాటి చక్కెరలో కార్బన్-13 పాలు ఎక్కువ. 1970లలో అమెరికా శాస్త్రజ్ఞులు దీని ఆధారంగా తేనెలో కలిసిన మొక్కజొన్న పాకాన్ని పట్టారు. 1980లలో ఫ్రాన్సులోని నాంత్ విశ్వవిద్యాలయంలో జెరార్ మార్తాఁ బృందం వైనులో బీటు చక్కెర కలిపితే గుర్తించే పద్ధతిని కనిపెట్టింది. ఐరోపా దాన్ని అధికారిక పద్ధతిగా స్వీకరించి, తన ద్రాక్షతోటల నమూనాలతో ఏటేటా ఒక కొలతల భాండాగారాన్ని నింపసాగింది. ద్రాక్ష పండించేవాడి ఊరికి చట్టం ఇచ్చిన రక్షణకు వెనక ఈ భాండాగారం ఉంది.

ఎలా పండింది?

ఎక్కడ పండిందన్న దానికన్నా ఎలా పండిందన్నది గడ్డు ప్రశ్న. సేంద్రియమని చెప్పే పంటకు ధర ఎక్కువ. సింగపూరు సేంద్రియ పంటలకు ఎస్.ఎస్. 632 అనే ప్రమాణాన్ని 2017లో రాసుకుంది. దీనికి పరీక్షశాలలో ఉన్న ప్రధాన సాక్షి నత్రజని. యూరియాలోని నత్రజని గాలి నుంచి కర్మాగారం పట్టినది, కనుక దాని ఐసోటోపు పాలు గాలికి దగ్గరగా ఉంటుంది. పశువుల ఎరువులో తేలిక నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోయి బరువైనది మిగులుతుంది. కాబట్టి ఎరువుతో పెరిగిన పంటలో బరువైన పాలు ఎక్కువగా కనిపించాలి.

ఈ తర్కం పొలంలోకి దిగేసరికి తడబడుతుంది. పప్పుజాతి మొక్కలు నత్రజనిని గాలి నుంచే పడతాయి. అంటే రసాయనం చుక్క తగలని కంది కూడా యూరియా వేసిన పంటలాగే కనిపిస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పును ఈ కొలతతో సేంద్రియమా కాదా అని తేల్చడం వ్యర్థం. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో పప్పుధాన్యాలను అంతరపంటగా, పచ్చిరొట్టగా వేస్తారు. ఆ నేలలో పెరిగిన కూరగాయ కూడా అదే అనుమానానికి గురి కావచ్చు. వరి మడిలో సంగతి తారుమారవుతుంది. నిలిచిన నీటిలో సూక్ష్మజీవులు నైట్రేటును వాయువుగా మార్చి వదిలేటప్పుడు తేలికది ముందు పోతుంది, బరువైనది మిగులుతుంది. యూరియా వేసిన మడి కూడా కొంతమేరకు ఎరువు వేసిన మడిలా కనిపించే వీలుంది. ఒక్క అంకెను పట్టుకుని తీర్పు చెబితే నిజాయితీపరుడైన రైతు దోషిగానూ, దోషి నిజాయితీపరుడిగానూ నిలబడవచ్చు. అందుకే ఈ పరీక్షను అనుమానం రేపే సాధనంగానే గాని, శిక్ష వేసే సాధనంగా వాడరాదు. పొలం తనిఖీ, కొనుగోలు లెక్కలు దానికి తోడుండాలి.

వానకు సరిహద్దు లేదు

ఊరి విషయంలోనూ ఇటువంటి హద్దులున్నాయి. సింగపూరు ఉత్తరాన క్రాంజీ, లిమ్ చు కాంగ్ ప్రాంతాల తోటలకూ, సన్నని జలసంధి అవతల జొహోర్ తోటలకూ కురిసేది ఒకే వాన. మలేషియాలో సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న కామెరాన్ కొండల కూరగాయలలో వాన ముద్ర తేడాగా ఉండవచ్చు గాని, జొహోర్ ఆకుకూరను సింగపూరు ఆకుకూర నుంచి వాన ముద్రతో విడదీయడం కష్టం. ఐసోటోపులు భూగోళాన్ని గుర్తిస్తాయి, రాజ్యాల సరిహద్దులను గుర్తించవు. నాలుగు గోడల నడుమ దీపాల కింద పెంచే పంటలకు వాన ముద్రే ఉండదు. అక్కడ ఇంధనం మండించగా వచ్చిన బొగ్గుపులుసు వాయువును మొక్కలకు పెడితే వాటి కార్బను పాలు బాగా తగ్గిపోతుంది. ఆ కొలత అవి ఏ ఊరివో చెప్పదు గాని, ఆరుబయట పెరిగినవి కావని మాత్రం చెబుతుంది.

ఇంతకన్నా మౌలికమైన పరిమితి మరొకటుంది. ఈ పరీక్షలన్నీ పోలిక మీద నిలబడినవి. తెలియని గింజను, ఊరు తెలిసిన గింజలతో పోల్చి చూస్తారు. ఊరు తెలిసిన గింజను పొలానికి వెళ్ళి సేకరించి, చీటీ కట్టి భద్రపరిచేది మనిషే. అంటే కాగితాన్ని నమ్మలేక మొదలైన విద్య చివరికి మరొక కాగితం మీద, దాన్ని రాసిన చేతి మీద ఆధారపడుతుంది. వానలు, ఎరువులు ఏటేటా మారుతాయి కనుక ఆ భాండాగారాన్ని ఏటేటా నింపుతూ ఉండాలి. ఫ్రెంచి ద్రాక్షకు ఆ ఖర్చు భరించే రాజ్యం ఉంది, బాస్మతికి ఎగుమతిదారుల లాభం ఉంది.

తెలుగునాట గుంటూరు సన్నం మిరప, బంగినపల్లి మామిడి, తాండూరు కంది భౌగోళిక గుర్తింపు పొందాయి. ఆ గుర్తింపు ఊరికి ఇచ్చినది, విత్తనానికి కాదు. బంగినపల్లి అంటును ఎక్కడైనా కట్టవచ్చు, దాని జన్యువులు మారవు. కనుక ఆ పేరును కాపాడవలసింది నీటి ముద్ర, రాతి ముద్ర. సింగపూరులో భౌగోళిక గుర్తుల రిజిస్ట్రీ 2019 ఏప్రిల్ 1న మొదలైంది. సరిగా అదే రోజున ఆహార సంస్థ ఏర్పడి, చెల్లాచెదురుగా ఉన్న ఆహార పరీక్షశాలలను ఒక గూటికి తెచ్చింది. 2025 జనవరిలో ఆహార భద్రతపై కొత్త చట్టం ఆమోదం పొందింది. కొనే దేశం తన వైపు తలుపును సిద్ధం చేసుకుంటోంది. అమ్మే ప్రాంతం తన పొలాల కొలతలను ముందుగా తానే తీసి ఉంచుకోకపోతే, వివాదం వచ్చిన నాడు పోల్చి చూడటానికి ఏమీ ఉండదు. నమూనా లేని ఊరు పరీక్షశాల లెక్కలో లేని ఊరే.

రంగూను మిల్లులలో పనిచేసిన కోరంగీల పేర్లు సింగపూరు చేరిన సంచుల మీద లేవు. అప్పుడు ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పే సాధనం లేదు. ఇప్పుడు సాధనం ఉంది, దాని సగం హైదరాబాదులోనే తయారైంది. బాస్మతికి చేసిన పనిని కృష్ణా, గోదావరి మడుల బియ్యానికి, పాలమూరు, రాయలసీమ మెట్ట పంటలకు చేయడానికి శాస్త్రం అడ్డు కాదు. అందుకు కావలసినవి ఏటేటా పొలాలకు వెళ్ళి నమూనాలు తెచ్చే మనుషులు, వాటిని భద్రపరిచే సంస్థ, ఆ ఖర్చును చిన్న రైతు నెత్తిన వేయని విధానం.